సంఖ్యలతో హారములు గ్రుచ్చిన మహావీరాచార్యుడు

వికారాబాదు జంక్షను దాటి పడమటికి పోవు రైలు తాండూరును సమీపించునప్పటికి నేల రంగు మారును. అనంతగిరి వైపు ఎర్రమట్టి వెనుకబడి నల్లరేగడి మొదలగును. దూరముగా నాపరాతి గనులు, పలకలుగా కోసి నిలువబెట్టిన బండలు, వాటి నడుమ కంది చేలు కనబడును. ఇది 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వేసిన పాత దారి. తాండూరు దాటిన తరువాత సేడం, ఆపైన మల్ఖేడ్ రోడ్డు అను స్టేషనులు వచ్చును. తాండూరు ప్రక్కన పారు కాగ్నా నదియు ఆ దిక్కునకే సాగి, మల్ఖేడు కోట ప్రక్కగా పోయి, భీమానదిలో కలియును. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు తాండూరు తాలూకాయు గుల్బర్గా జిల్లాలోనిదే. కనుక ఆ ప్రాంతమువారికి మల్ఖేడు పరాయి ఊరు కాదు. మధ్వసంప్రదాయమువారు జయతీర్థుల బృందావనమును దర్శించుటకు నేటికిని అచ్చటికి పోవుచుందురు. ఆ నదీతీరమున ఒకప్పుడు ఏలిన రాజు నీడలో, అంకెలను ముత్యములవలె ఎంచి హారములు గ్రుచ్చిన గణితాచార్యుడొకడు వర్ధిల్లెనన్న సంగతి మాత్రము యాత్రికులలో ఏ కొందరికో తెలియును.

నేటి మల్ఖేడు పూర్వపు మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. దానిని రాజధానిగా వెలయించినవాడు అమోఘవర్ష నృపతుంగుడు. బాల్యముననే 814 ప్రాంతమున సింహాసనమెక్కి, తిరుగుబాటులకు తట్టుకొని నిలిచి, అరువది యేండ్లకు పైగా రాజ్యమేలినాడు. యుద్ధములకంటె విద్వద్గోష్ఠుల యందే ఆ రాజునకు ప్రీతి ఎక్కువ. కన్నడమున తొలి లక్షణగ్రంథమైన కవిరాజమార్గము ఆయన పేరుతో ముడివడియున్నది. ఆదిపురాణమును రచించిన జినసేనుడు ఆయనకు గురువు. శాకటాయనుడు తన వ్యాకరణ వృత్తికి ఆ రాజు పేరే పెట్టినాడు. కవి, వైయాకరణుడు, మతాచార్యుడు గల ఆ కాలమున గణితజ్ఞుని స్థానమును నింపినవాడు మహావీరాచార్యుడు.

విద్యార్థులు ఇచ్చట పొరబడరాదు. జైనుల ఇరువది నాలుగవ తీర్థంకరుడైన వర్ధమాన మహావీరుడు వేరు, ఈయన వేరు. ఇద్దరి నడుమ వేయి సంవత్సరములకు మించిన ఎడమున్నది. ఈ ఆచార్యుడు తన గ్రంథారంభమున ఆ తీర్థంకరునికే నమస్కరించి, పిమ్మట అమోఘవర్షుని ప్రశంసించినాడు. కవులు తమ కులగోత్రములను చెప్పుకొనుట మన దేశమున పరిపాటియే కాని, ఈయన తన తల్లిదండ్రుల పేరును, పుట్టిన ఊరిని, పుట్టిన యేడును ఒక్క శ్లోకమునందైనను ఉంచలేదు. క్రీ. శ. 850 ప్రాంతమున రచితమైన గణితసారసంగ్రహము అను గ్రంథమొక్కటే ఆయనను మనకు పరిచయము చేయుచున్నది. అదృష్టవశమున ఆ గ్రంథము మిక్కిలి మాటకారి. దానిని చదువుచు పోయినచో ఒక మనిషి స్వభావము, ఆయన అభిరుచులు, ఒకటి రెండు చోట్ల ఆయన తొట్రుపాటు గూడ కనబడును.

అంతకు ముందు గణితము జ్యోతిషమునకు పరిచారిక. ఆర్యభటుడు 499లోను, బ్రహ్మగుప్తుడు 628లోను తమ సిద్ధాంతగ్రంథములలో గణితమునకు కొన్ని అధ్యాయములు మాత్రమే ఇచ్చినారు. మహావీరుడు గ్రహములను ప్రక్కకు పెట్టి గణితమునకే ఒక పూర్ణగ్రంథమును కట్టినాడు. తొమ్మిది అధికారములు, పదునొకండు వందలకు పైగా శ్లోకములు. పరిభాష మొదలుకొని గుణకార భాగహారములు, భిన్నములు, త్రైరాశికము, వడ్డీ లెక్కలు, క్షేత్రగణితము, గోతుల లెక్క, నీడల లెక్క వరకు దేనినీ వదలలేదు. మొదటనే గణితము లేనిచోటు లేదని సుదీర్ఘముగా వాదించును. కామశాస్త్రము, అర్థశాస్త్రము, సంగీతము, నాటకము, వంటపని, వైద్యము, వాస్తువు, ఛందస్సు, తర్కము, వ్యాకరణము, అన్నింటికిని లెక్క కావలెనని ఆయన మతము. వంటయింటిని, వ్యాకరణమును ఒకే వరుసలో కూర్చోబెట్టిన ఆ ధైర్యము మెచ్చదగినది. పూర్వుల గ్రంథసముద్రము నుండి తాను సారమును తీసితినని చెప్పుకొనుచు, ఆల్చిప్ప నుండి ముత్యమును తీసినట్లని పోల్చినాడు. ముత్యముల మీది మక్కువ ఆ గ్రంథమున కడవరకు విడువలేదు.

సంఖ్యాస్థానములకు ఆయన ఇరువది నాలుగు పేర్లు ఇచ్చినాడు. ఏకము, దశము, శతము, సహస్రము మొదలుకొని కోటి, దశకోటి, శతకోటి దాటి అర్బుదము, న్యర్బుదము, ఖర్వము, మహాఖర్వము, పద్మము, మహాపద్మము, క్షోణి, మహాక్షోణి, శంఖము, మహాశంఖము, క్షితి, మహాక్షితి, క్షోభము, చివరకు మహాక్షోభము. మహాక్షోభమనగా ఒకటి ప్రక్కన ఇరువది మూడు సున్నలు. అంకెలను నేరుగా చెప్పక, చంద్రుడనిన ఒకటి, కన్నులనిన రెండు, వేదములనిన నాలుగు, బాణములనిన ఐదు, ఆకాశమనిన సున్న అని పదములతో చెప్పు పద్ధతిని ఆయన విరివిగా వాడినాడు. శ్లోకమున ఒదుగుటకు ఈ పద్ధతి అనుకూలము. లేఖకుడు ఒక అంకెను జారవిడిచినచో ఛందస్సే పట్టియిచ్చును.

ఇక ఆయన పేరు నిలిపిన హారములను గూర్చి. గుణకార ప్రకరణమున ఆచార్యుడు శిష్యునికి లెక్కలు ఇచ్చును. లెక్క పొడవుగా, వికారముగా ఉండును. ఫలితము మాత్రము ఎటునుండి చదివినను ఒక్కటిగా, రాజుల మెడలో వేయదగిన కంఠాభరణముగా ఉండును. 139ని 109తో గుణించినచో 15151. 152207ను 73తో గుణించినచో ఎనిమిది ఒకట్లు వరుసగా వచ్చును. 12345679ని 9తో గుణించినచో తొమ్మిది ఒకట్లు. 142857143ను 7తో గుణించినచో 1000000001, అనగా రెండు కొనల రెండు మణులు, నడుమ ఎనిమిది సున్నల గొలుసు. 333333666667ను 33తో గుణించినచో 11000011000011. వీటన్నింటిలోను నాయకమణి వంటిది 27994681ని 441తో గుణించు లెక్క. దాని ఫలితము 12345654321. ఒకటితో మొదలై ఆరు వరకు ఎక్కి, మరల మెట్టు మెట్టుగా ఒకటికి దిగును.

ఇవి పిల్లలను మురిపించు గారడీలని కొందరు విమర్శకులు తేలికగా తీసివేయుదురు. అది సరికాదు. గుణకారము చేయువానికి ఫలితము చివర దొరకును. లెక్కను కూర్చువానికి మాత్రము ఫలితమే మొదట తెలియవలెను. 12345654321 అను సంఖ్యను ముందుగా మనసున నిలుపుకొని, అది ఏ గుణకములుగా విడిపోవునో కనిపెట్టినవాడే ఆ లెక్కను ఇయ్యగలడు. పెద్ద సంఖ్యను గుణకములుగా విడదీయుట గుణించుటవలె సులభము కాదు. కంచి పట్టుచీర నేతను చూచి ఆనందించుట ఎవరికైనను సాధ్యమే. పోగుపోగుగా విడదీసి దాని అల్లికను చెప్పవలెనన్న నేతగాడే కావలెను.

ఉపాధ్యాయులు నల్లబల్ల మీద దీనిని చేసి చూపవచ్చును. 12345654321 అనునది 111111 యొక్క వర్గము. ఆరు ఒకట్ల సంఖ్యను అంతే గల సంఖ్యతో గుణించుటకు వరుసలు వేసి, ఒక్కొక్క స్థానము జరుపుచు కూడినచో ఒకటి, రెండు, మూడు అని ఆరు వరకు పెరిగి తగ్గుటకు కారణము కంటికే కనబడును. ఇక 111111 అనగా 111ని 1001తో గుణించిన ఫలితము. 111లో 3, 37 ఉన్నవి. 1001లో 7, 11, 13 ఉన్నవి. కనుక ఆరు ఒకట్లలో 3, 7, 11, 13, 37 అను ఐదు ప్రధాన సంఖ్యలు దాగియున్నవి. వీటిలో మూడును ఏడును విడిగా తీసి గుణించినచో 21. దాని వర్గము 441. మిగిలిన పదునొకండు, పదమూడు, ముప్పదియేడు గుణించినచో 5291. దాని వర్గము 27994681. ఆచార్యుడు ఇచ్చిన రెండు సంఖ్యలు సరిగా ఇవియే! చూచుటకు ఏ పొందికయు లేని 27994681 ఒక సంపూర్ణ వర్గమని చదువరికి తట్టదు. వర్గమును రెండు వర్గములుగా చీల్చి, ఒకదానిని చిన్నదిగాను ఒకదానిని దుర్గ్రాహ్యముగాను ఉంచిన ఈ ఏర్పాటు యాదృచ్ఛికమని నమ్ముట కష్టము.

ఆరు దగ్గరనే ఏల ఆగినాడు? తొమ్మిది ఒకట్ల వర్గము 12345678987654321. అదియును అందమైన హారమే, ఆయన స్థానముల పట్టికలో సులభముగా ఇమిడెడిదే. అయితే ఏడు ఒకట్ల సంఖ్యను విడదీసినచో 239, 4649 అను రెండు ప్రధాన సంఖ్యలు తప్ప మరేమియు దొరకవు. ఆరు ఒకట్లలో ఉన్నన్ని చిన్న గుణకములు దాని ఇరుగుపొరుగున లేవు. ఇష్టము వచ్చినట్లు విడదీసి, ఇష్టము వచ్చినట్లు కూర్చుటకు అదే అనువైనదని ఆయన గ్రహించియుండునని ఊహింపవచ్చును.

ముత్యముల లెక్క మరియొకటి మిక్కిలి ప్రసిద్ధము. వసంతరాత్రి ఒక ఉద్యానగృహమున దంపతుల ప్రణయకలహములో నాయిక మెడలోని హారము తెగినది. ముత్యములలో మూడవవంతు పరిచారిక వైపు దొర్లినవి. ఆరవవంతు శయ్య మీద పడినవి. మిగిలినవాటిలో సగము, మరల మిగిలినవాటిలో సగము, ఇట్లు ఆరు పర్యాయములు చెల్లాచెదరైనవి. దారమున 1161 నిలిచినవి. మొత్తమెన్ని? మూడవవంతును ఆరవవంతును కలిపినచో సగము. మిగిలిన సగమును ఆరుమార్లు సగము చేసినచో మొత్తములో నూట ఇరువది ఎనిమిదవ వంతు. కావున 1161ని 128తో గుణింపవలెను. జవాబు 148608. లక్షన్నరకు దగ్గరగా ముత్యములు! అంతటి హారమును మోసిన సుకుమారి మెడను తలచినచో కలహమునకు కారణము కొంత బోధపడును. నాపరాయి పలక మీద సుద్దతో ఈ లెక్క చేయు బాలునికి శృంగారము అక్కరలేదు. 74304, 37152, 18576 అని సగములు వరుసగా దిగి, ఎక్కడను భిన్నము రాక, 1161 వద్ద ఆగుట చాలును.

ఆరు రుచులను ఒక్కొక్కటిగా, రెండేసిగా, మూడేసిగా కలుపుచు పోయినచో ఎన్ని రకములు వచ్చునని ఇంకొక ప్రశ్న. మన ఉగాది పచ్చడికి పుట్టిన లెక్కవలె ఉన్నది. జవాబు 63. ఇట్టి మేళనములకు ఎంతటి సంఖ్యకైనను చెల్లు సామాన్య సూత్రమును ఆయన ఇచ్చినాడు. ఐరోపాలో ఆ సూత్రము 1634లో హెరిగోన్ గ్రంథమున కనబడినది. వజ్రము, నీలము, మరకతము, పగడము, ముత్యము కలిపి చేయు హారముల భేదములను లెక్కించుటకు గూడ ఆయన ఆ సూత్రమునే వాడినాడు. మరల హారమే!

ఇంతటివాడును ఒకచోట తప్పినాడు. ఒక సంఖ్యను సున్నతో భాగించినచో ఆ సంఖ్య మారక నిలుచునని ఆయన వ్రాసినాడు. పంచుకొనువాడే లేనప్పుడు రాశి కదలదు గదా అను లోకజ్ఞానము ఆయనను తప్పుదారి పట్టించియుండును. రెండు శతాబ్దులకు ముందు బ్రహ్మగుప్తుడు ఆ రాశిని సున్న హారముగా గల భిన్నముగా వదలి జాగ్రత్తపడినాడు. మూడు శతాబ్దుల తరువాత, 1150లో, భాస్కరుడు దానిని ఖహరమని పిలిచి అనంతముగా భావించినాడు. నడుమ మహావీరుని వాక్యము పొరపాటుగా నిలిచిపోయినది. దానిని కప్పిపుచ్చుట ఆయనకు గౌరవము కాదు. ఆ పొరపాటునకు ప్రక్కనే పెట్టదగిన గొప్ప మాటయు ఆయనదే: ఋణసంఖ్య స్వభావతః వర్గము కాజాలదు, కావున దానికి వర్గమూలము లేదని స్పష్టముగా చెప్పినాడు. తాను ఎరిగిన సంఖ్యల లోకమున అది నిర్దుష్టమైన తీర్పు. అట్టి మూలములు ఉన్నట్లు భావించి లెక్క సాగించుటకు 1545లో ఇటలీ దేశీయుడు కార్డానో వరకు ఎవరును సాహసింపలేదు.

ఆచార్యుని అంత్యదశ ఏ శాసనమునకును ఎక్కలేదు. అమోఘవర్షుడు 878 ప్రాంతమున గతించినాడు. 972లో పరమార రాజు సీయకుడు మాన్యఖేటమును ముట్టడించి దోచుకొన్నాడు. రాష్ట్రకూట ప్రభ ఆ తరువాత ఎంతో కాలము నిలువలేదు. రాజు మెడలోని నిజమైన హారములు ఏ ఒంటెల మీద, ఏ ఏనుగుల మీద తరలిపోయినవో గాని, అంకెల హారములను మాత్రము దోచుటకు వీలులేకపోయినది. అవి తాటాకుల మీద ఉండి, తూర్పునకు ప్రయాణము చేసినవి.

ఇందొక విచిత్రమున్నది. రాష్ట్రకూటులకును వేంగీ చాళుక్యులకును తరతరముల వైరము. అమోఘవర్షుడే వేంగీ సేనలతో పోరినాడు. అట్టి పగవాని ఆస్థానమును కీర్తించిన గ్రంథము వేంగీదేశముననే తెలుగు పలుకులు నేర్చినది. దానిని తెలిగించినవాడు పావులూరి మల్లన. ఆయన 11వ శతాబ్ది వాడని, రాజరాజనరేంద్రుని కాలమున ఉండెనని సాహిత్యచరిత్రకారులు చాలమంది చెప్పుదురు. నన్నయ భారతము తెలుగున ఆదికావ్యమైనట్లు మల్లన సారసంగ్రహ గణితము తెలుగున తొలి శాస్త్రగ్రంథమని పేరుపొందినది. మల్లన శైవుడు, జిననమస్కారముల స్థానమున శివుని నిలిపినాడు. మూలములోని కొన్ని పద్ధతులను విడిచి, గుణకారమున హారముల వంటి ఉదాహరణములను తన వంతుగా చేర్చినాడు. మతమును మార్చినాడు గాని ముత్యములను వదలలేదు! ఎనిమిదవ తరగతి బాలుడైనను చదివి ఆనందింపదగిన ఈ గ్రంథమును మన సాహిత్యచరిత్రలు రెండు వాక్యములతో దాటిపోవుట విచారకరము.

మల్లన గణితమునకు చెందినదిగా ప్రసిద్ధమైన ఒక పద్యము పెద్దల నోట ఇంకను వినవచ్చును. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువది నాలుగు గళ్లలో రెట్టింపు చేయుచు పోసినచో మొత్తము గింజలు ఎన్నియో ఆ పద్యము చెప్పును. బాణములు, చంద్రుడు, వేదములు, ఏనుగులు అని వరుసగా కూర్చిన పదములను కుడి నుండి ఎడమకు అంకెలుగా పేర్చినచో 18446744073709551615 వచ్చును. ఇరువది అంకెల సంఖ్య. మహావీరుడు వేసిన ఇరువది నాలుగు మెట్ల నిచ్చెనలో ఇరువదవ మెట్టు మహాశంఖము. గింజల రాశిలోని మొదటి ఒకటి సరిగా ఆ మెట్టు మీద కూర్చుండును. ఆపైన నాలుగు మెట్లు ఇంకను ఖాళీగానే ఉండును.

ఈ సంఖ్యను గూడ ఆచార్యుని త్రోవనే విడదీసి చూడవచ్చును. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యలను గుణించినచో అదే వచ్చును. వీటిలో 641కి ఒక కథ కలదు. రెండును ముప్పదిరెండు మార్లు గుణించి ఒకటి కలిపిన సంఖ్య ప్రధాన సంఖ్యయేనని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మినాడు. 1732లో ఆయిలరు దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపి ఆ నమ్మకమును తొలగించినాడు. తెలుగు పద్యములోని గింజలలో ఆ 641 అప్పటికి కొన్ని శతాబ్దులుగా కూర్చుండియే యున్నది.

ఉత్తరదేశమున భాస్కరుని లీలావతి వ్యాపించిన తరువాత మహావీరుని పేరు మరుగున పడినది. దక్షిణమున కన్నడ లిపిలోను, గ్రంథ లిపిలోను కొన్ని ప్రతులు మిగిలినవి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడైన ఎం. రంగాచార్యులు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునందలి అసమగ్రమైన ప్రతులను ముందిడుకొని, మైసూరు నుండియు మూడబిదిరె జైనుల నుండియు మరికొన్నింటిని సంపాదించి, పోల్చి, తప్పులు దిద్ది, ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున అచ్చు వేయించినాడు. దానికి అమెరికా గణితచరిత్రకారుడు డేవిడ్ యూజీన్ స్మిత్ పీఠిక వ్రాసినాడు. అచ్చుకు నాలుగేండ్ల ముందే, 1908లో రోమునగరమున జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల సభలో స్మిత్ ఈ గ్రంథమును గూర్చి ప్రసంగించినాడు. 1963లో షోలాపురము నుండి లక్ష్మీచంద్ర జైన్ చేసిన హిందీ అనువాదము వెలువడినది.

రంగాచార్యుల ముద్రణమున చివర అనుబంధములు కలవు. ఒకదానిలో అంకెలకు వాడిన పదముల పట్టిక, ఒకదానిలో కొలతల పట్టిక, మరియొకదానిలో లెక్కల జవాబులు. పుస్తకము దొరికిన విద్యార్థి ఆ జవాబుల పుటను ముందు మూసిపెట్టి, 1161 ముత్యములతో మొదలుపెట్టి, 128 వరకు తానే రావలెను.